ఎమ్మిగనూరులో పెట్టిన మందు

మా అన్న దాదాపీర్‌ను 1986, 87 ప్రాంతాల్లో చూసినవాళ్ళకు నేను చెప్పేది అబద్ధంలా ఉంటుంది. అప్పటికి ఆయనకు ఆదోని పత్తి మార్కెట్టు వెనక చిన్న పరుపుల అంగడి ఉండేది. అంగడి ముందు వేపచెట్టుకు ఒక గుడ్డ ఉయ్యాల ఎప్పుడూ వేలాడుతుండేది. అందులో మా ఇంటి బిడ్డో, పక్కింటి బిడ్డో ఎవరో ఒకరు నిద్రపోతుండేవాళ్ళు. వచ్చిన గిరాకీ గొంతు పెంచితే అన్న పెదాల మీద వేలు పెట్టుకుని ఉయ్యాల వైపు చూపించేవాడు. అంత మెత్తటి మనిషి. ఈయనే పదేళ్ళ ముందు టీ అంగడి గోవిందన్న పన్ను ఊడగొట్టాడంటే ఎవరు నమ్ముతారు? నేను నమ్ముతాను. ఊడిన పన్నును కళ్ళారా చూశాను.

నా పేరు రసూల్‌బీ. ముప్పైరెండేళ్ళు టీచరుగా పిల్లలచేత ఎక్కాలు చెప్పించాను. నాకు కోపం ఎక్కువని మా బడి మొత్తానికీ తెలుసు. అది మా ఇంటి ఆస్తి. అన్న తన వాటా వద్దని వదిలేసుకోవడంతో నాకు రెండు వాటాలొచ్చాయి. ఆయన ఎట్లా వదిలేసుకున్నాడో చెప్పాలనే ఇది రాస్తున్నాను.

మేం దూదేకులవాళ్ళం. పేర్లు సాయిబుల పేర్లు, ఇంట్లో మాట తెలుగు. విల్లు భుజాన వేసుకుని ఊరూరూ తిరిగి దూది ఏకడం, పరుపులు కుట్టడం మా తాతల నాటి పని. మా నాయన దూది దుమ్ముతో వచ్చిన దగ్గుతోనే పోయాడు. ఆయన పక్కన కూర్చుని ఇరవై ఏళ్ళు దూది విదిల్చిన మా అమ్మ ఇమాంబీకీ అదే దగ్గు పట్టుకుంది. మా అమ్మకు దగ్గూ ఉంది, నోరూ ఉంది. పొద్దున్నే ఏది ముందు మొదలవుతుందో మేం చెప్పలేకపోయేవాళ్ళం.

అన్న అప్పట్లో మాటకు ముందు చెయ్యి లేపే రకం. దేవనకొండ దాకా పోయి దూది ఏకి వచ్చేవాడు, వచ్చేటప్పుడు దారిలో ఒక తగవైనా తెచ్చేవాడు. గోవిందన్న సరదాకి, నీ దూది కంటే నీ మాటే తేలిక దాదాపీరూ, అన్నాడట. ఆ మాటకే పన్ను ఊడింది. మా అమ్మ పైకి తిట్టినా లోపల్లోపల మురిసిపోయేది. మొగుడు పోయిన ఇంట్లో కొడుకు అంత గట్టిగా ఉంటేనే నలుగురూ జంకుతారని ఆమె నమ్మకం.

1975లో అన్నకు ఎమ్మిగనూరు సైదా బీతో పెళ్ళయింది. మరుసటేడు వదిన కాన్పుకు పుట్టింటికి పోయింది. మొదటి కాన్పు పుట్టింట్లోనే కావాలి. ఆ తరవాత నలభై రోజులు, చిల్లా తీరేదాకా, మొగుడనేవాడు బిడ్డను చూసి రావడమే గానీ అత్తగారింట్లో తిష్ట వేయకూడదు. అట్లా వేస్తే ఊరు నవ్వుతుంది. అన్న కూడా చూసి రావడానికనే పోయాడు. ఆ ఊళ్ళో రెండు పరుపులు ఏకే పని ఉందని భుజాన విల్లు కూడా వేసుకుని, సాయంత్రం బస్సుకు వస్తానని చెప్పి పోయాడు. వచ్చింది నలభై రోజులకు.

బిడ్డ ఎనిమిదో నెలలోనే పుట్టేసింది. మూడున్నర పౌండ్లుంది. వదిన ఒళ్ళు తెలియని జ్వరంతో ఆసుపత్రిలో పడి ఉంది. వదిన వాళ్ళమ్మకు చూపు ఆనదు, ఇంట్లో ఇంకో దిక్కు లేదు. ఆసుపత్రిలో సువార్తమ్మ అనే నర్సు ఉండేది. ఆమె అన్నను పైనుంచి కిందికి చూసి, విల్లు చూసి, పని చెప్పిందట.

"దూదేకేవాడివి గదప్పా, మంచి దూది ఏకి తే. బిడ్డను దాంట్లో సుట్టి నీ ఎదకాడ పండబెట్టుకో. అంగీ ఇప్పి పెట్టుకో. ఒంటి వేడి తగలాల."

మగవాణ్ణి, నాకేం తెలుస్తుందని అన్న నసిగాడు. చలికి ఆడ, మగ తెలుస్తుందా అని ఆమె కసిరింది. అన్న ఆ మధ్యాహ్నమంతా కూర్చుని గుప్పెడు దూదిని మూడుసార్లు ఏకాడు. పుల్ల గాని, నలక గాని లేకుండా వేళ్ళతో మళ్ళీ వెతికాడు. ఆ దూదిలో బిడ్డను చుట్టుకుని రొమ్ము మీద పెట్టుకున్నాడు. వదినకు జ్వరం తగ్గేసరికి పాలు ఎండిపోయాయి. ఆసుపత్రి నుంచి అత్తగారింటికి వచ్చాక ఆవుపాలు కాచి, ఉగ్గుగిన్నెతో చుక్క చుక్కగా పోసే పని కూడా అన్నదే అయింది.

మూడో రోజు మా అమ్మ ఆత్రంగా బస్సెక్కి పోయింది. గుమ్మంలోనే దగ్గు తెర వచ్చింది. సువార్తమ్మ చెయ్యి అడ్డం పెట్టి, ఈ దగ్గు తగ్గేదాకా బిడ్డ దగ్గరికి రావద్దమ్మా అంది. ఆమె చెప్పింది న్యాయమే. కానీ మా అమ్మ మనవరాలి మొహం కూడా చూడకుండా వచ్చిన బస్సుకే తిరిగొచ్చింది. నాలుగు రోజులు ఆమె ఎవరితోనూ మాట్లాడలేదు. మా ఇంట్లో అంత నిశ్శబ్దం అంతకుముందు నేనెరగను.

నేను ఆదివారం ఆదివారం ఎమ్మిగనూరు పోయి వచ్చేదాన్ని. పోయిన ప్రతిసారీ అన్న కొంచెం వేరేగా కనిపించేవాడు. మొదటివారం బిడ్డను రెండు చేతులా పట్టుకుని కదలకుండా కూర్చునేవాడు. రెండోవారానికి ఒంటిచేత్తో బిడ్డను పట్టుకుని ఇంకో చేత్తో పాలు కాచేవాడు. చుట్టూ ఇళ్ళల్లో పొద్దస్తమానం మగ్గాలు దడదడమంటుంటే గుర్రుపెట్టి నిద్రపోయేవాడు గానీ, బిడ్డ ఊపిరి కొంచెం మారితే చాలు, కళ్ళు తెరిచేవాడు. బీడీ మానేశాడు. ఎప్పుడూ లేనిది సన్న గొంతుతో మాట్లాడటం మొదలుపెట్టాడు, బిడ్డతోనే కాదు, నాతో కూడా. నవ్వొచ్చి చచ్చేదాన్ని. ఒకరోజు బిడ్డను చూపించడానికి ఆసుపత్రికి పోతే సువార్తమ్మ నన్ను పక్కకు పిలిచి, మీ అన్నను చూశావా అని అడిగింది.

"ఆయప్ప నెత్తురు సల్లబడతాంది పాపా. ఇరవై ఏండ్లుగా సూస్తాండా. బిడ్డను కన్నంత మాత్రాన మగోడు మారడు. మోసినాడంటే మాత్రం వాని ఒంట్లో ఏందో మారుతాది. అదేందో మా సదువులో సెప్పలేదు."

ఇది 1976 మాట. నేను రిటైరయ్యాక పేపర్లో ఒక వ్యాసం చదివాను. పసిబిడ్డను రోజూ గంటల తరబడి ఎత్తుకుని సాకే తండ్రుల ఉమ్మి తీసి పరీక్ష చేస్తే, వాళ్ళలో మగ హార్మోను బాగా తగ్గి కనిపించిందట. తల్లికి పాలు పడటానికి పనిచేసే హార్మోను తండ్రి ఒంట్లో కూడా కొంత పెరుగుతుందట. తండ్రి పేరు పెట్టుకుని ఊరికే తిరిగేవాడికి ఇంతగా ఉండదట, దగ్గర కూర్చుని చాకిరీ చేసేవాడికే ఎక్కువట. చదివి నాకు ఒళ్ళు మండింది. సువార్తమ్మ ఎమ్మిగనూరు ఆసుపత్రి వరండాలో నిలబడి చెప్పిన సంగతిని కనిపెట్టడానికి వీళ్ళకు ఇన్నేళ్ళు పట్టిందా అనిపించింది. ఆ పేపరు కత్తిరించి పెట్టుకున్నాను.

చిల్లా తీరాక అన్న వదిననూ బిడ్డనూ తీసుకుని ఆదోని వచ్చాడు. బిడ్డకు మాబున్ని అని పేరు పెట్టాం. ఇంట్లో అసలు రగడ అప్పుడు మొదలైంది. అన్న దూది ఏకే పని ఇంటికి దూరంగా పెట్టుకున్నాడు. పని కాగానే స్నానం చేసి, గుడ్డలు మార్చుకుని గానీ బిడ్డను ముట్టేవాడు కాదు, రోజుకు మూడుసార్లు. బాలింతవా నువ్వు అని మా అమ్మ ఎగతాళి చేసింది. అన్న నవ్వి ఊరుకున్నాడు. అంతకుముందైతే చెంబు గోడకు తగిలేది. మా అమ్మ బిడ్డ కోసం చేతులు చాపితే, దగ్గు కొంచెం తగ్గనీ అమ్మా అని నెమ్మదిగా చెప్పి బిడ్డను వదినకిచ్చేవాడు. మా అమ్మ చాపిన చేతులు వెనక్కి తీసుకునేది. చూస్తే నాకు జాలేసేది, ఆమె నోటికి భయపడి ఓదార్చడానికి పోయేదాన్ని కాదు.

ఒకరోజు అన్న బిడ్డను భుజాన వేసుకుని మార్కెట్టు దారిన పోతుంటే, పన్ను పోయిన గోవిందన్న పాత కసి పట్టలేక ఆయన అంగీ మీద గ్లాసుడు టీ పోశాడు. బజారంతా ఆగి చూసింది. అన్న ముందు బిడ్డ మీద పడిందేమోనని ఒళ్ళంతా తడిమి చూశాడు. పడలేదు. గోవిందన్నతో, నీ పన్ను తీసింది తప్పేలే అన్నా అని చెప్పి ఇంటికొచ్చేశాడు. ఆ మాట ఆయనకంటే ముందే ఇంటికి చేరింది. దాదాపీరుకు ఇక చీరొకటే తక్కువని ఎవరో అన్నారట. మా అమ్మ కుప్పకూలినట్టు కూర్చుంది.

అప్పుడే నేను ఒక తెలివితక్కువ పని చేశాను. అమ్మకు ధైర్యం చెబుదామని సువార్తమ్మ మాట ఆమెకు అప్పజెప్పాను. అన్న నెత్తురు చల్లబడిందట, అంతే, అన్నాను. మా అమ్మ తటాలున లేచి నిలబడింది. నెత్తురు చల్లబడేదానికే కదా మందు పెట్టేది, నర్సమ్మే ఒప్పుకుంది చూడు, అంది. మా వైపు మొగుడు పెళ్ళాం మాట వింటే చాలు, అన్నంలో మందు కలిపి పెట్టిందంటారు. ఆ మందు ఏళ్ళ తరబడి కడుపులోనే పేరుకుని మనిషిని పిప్పి చేస్తుందని నమ్మకం. నలభై రోజులు అత్తగారింటి కూడు తిన్నవాడికి మందు పెట్టకుండా ఉంటారా అని మా అమ్మ లెక్క తేల్చేసింది. హొళగుంద దగ్గర పల్లెలో శేషప్ప అనేవాడు ఆకుపసరు తాగించి మందు కక్కిస్తాడు, అతని దగ్గరికి పోదాం అంది. అన్న రానంటే గంజి కూడా ముట్టనని మూలన పడుకుంది. రెండు రోజులు నిజంగానే ముట్టలేదు.

వదిన పెద్దగా మాట్లాడే మనిషి కాదు. ఇవన్నీ గోడ అవతలనుంచి వింటూనే ఉంది. అన్న సరే పోయొస్తానని ఒప్పుకున్న రోజున ఆమె రేకుపెట్టె దించి గుడ్డలు సర్దడం మొదలుపెట్టింది.

"పోయి రాండి. మందు దొరికితే నేను ఎమ్మిగనూరికి. దొరక్కపోయినా ఎమ్మిగనూరికే. మందు పెట్టేదన్న పేరు మోస్తా ఈ ఇంట్లో కూడు తినలేను. నా బిడ్డా నాతోనే వస్తాది."

అన్న బతిమాలాడు. బిడ్డ లేకపోతే నేను బతకలేనని నా ముందరే అన్నాడు, సిగ్గు కూడా పడలేదు. అమ్మను పస్తు పడుకోబెట్టలేడు, పెళ్ళాన్ని ఆపలేడు. మర్నాడు పొద్దున మేం బయలుదేరుతుంటే వదిన బిడ్డను అన్న చేతుల్లో పెట్టింది. దీనికి కూడా పెట్టానేమో, చూపించుకు రండి, అంది. ఆ మాట మా అమ్మకు తగలాలనే అంది, తగిలింది కూడా.

శేషప్ప మమ్మల్ని "బర్రి, కూసోండి" అని కన్నడం కలిపి మర్యాదగానే పిలిచాడు. పరగడుపున అన్నచేత చెంబుడు పసరు, ఆపైన బిందెడు ఉప్పునీళ్ళు తాగించాడు. వీపు మీద చరిచాడు. అన్న ముందర పెట్టిన పళ్ళెంలో పేగులు బయటికొచ్చేట్టు కక్కాడు. బిడ్డను నేను ఎత్తుకుని అటు తిరిగి నిలబడ్డాను. కాసేపటికి శేషప్ప ఆ పళ్ళెంలో చెయ్యి పెట్టి కెలికి, కుంకుడుకాయంత నల్లటి ఉండ ఒకటి తీసి మా అమ్మకు చూపించాడు. ఆడదాని వెంట్రుకలు, కాటుక, దూది కలిపి పెట్టారమ్మా, అన్నాడు. వదిన పెట్టె, ఖాళీ ఉయ్యాల, అన్న మొహం ఒక్కసారే కళ్ళముందుకొచ్చాయి.

మా అమ్మ చెయ్యి చాపి ఆ ఉండను తీసుకుంది. తీసుకున్నది మా అమ్మ అయినా, పని చేసింది మాత్రం ఆమె వేళ్ళు. దూది చేతికి తగిలితే ఆ వేళ్ళు ఊరుకోవు, విడదీసి చూస్తాయి. పైపొర తడిగా, నల్లగా ఉంది. దాన్ని లాగింది. లోపల తెల్లటి దూది పొడిపొడిగా విచ్చుకుంది. మా అమ్మ దాన్ని బొటనవేలితో నలిపి చూసింది, ఇంకోసారి చూసింది.

"రెండు నెలలు కడుపులో నానిన దూది లోపల తడి గాలేదా శేషప్పా? ఇది మొన్న మార్కెట్టుకొచ్చిన ఈ కారు కొత్త దూది. నాకు సెప్తావా దూది సంగతి?"

శేషప్ప, కొన్ని మందులు అట్లాగే ఉంటాయమ్మా అంటూ ఏదో గొణిగాడు. మామూలుగా అయితే మా అమ్మ అతని ఏడు తరాలనూ లేపాల్సింది. లేపేదే. సరిగ్గా అప్పుడే బిడ్డ గుక్కపట్టి ఏడ్చింది. నేనెంత ఊపినా ఆగలేదు. అరుగు మీద వెల్లకిలా పడి ఉన్న అన్న లేవబోయాడు, మోచేతి మీదికి లేచి మళ్ళీ పడిపోయాడు. పడుకునే, అమ్మా నువ్వెత్తుకో, అన్నాడు. నాకు దగ్గు కదరా అని మా అమ్మ వెనక్కి జరిగింది. మూడు నెలలు నిండాయి, నోటికి కొంగు కట్టుకుని ఎత్తుకో, ఏం కాదు, అన్నాడు.

మా అమ్మ కొంగు ముక్కు మీదుగా బిగించి కట్టుకుని, బిడ్డను నా చేతుల్లోంచి తీసుకుంది. మనవరాలిని ఎత్తుకోవడం ఆమెకు అదే మొదటిసారి. ఎదకు హత్తుకుని నిలబడింది. బిడ్డ ఇంకో రెండు కేకలు వేసి, కొంగు అంచు గుప్పిట్లో పట్టుకుని, మెల్లగా ఏడుపు ఆపింది. శేషప్ప ఏదో అంటూనే ఉన్నాడు. మా అమ్మ అతని మాట వినడం లేదు. ఆ దూది ఎప్పుడు కింద పడేసిందో నేను చూడలేదు.

తిరుగు బస్సులో బిడ్డ మా అమ్మ ఒళ్ళోనే ఉంది. దగ్గు వచ్చినప్పుడల్లా కిటికీ వైపు తిరిగి, కొంగు నోట్లో కుక్కుకుని, దగ్గును లోపలికే మింగేది. కళ్ళవెంట నీళ్ళు కారేవి. మధ్యలో ఎక్కిన ఒకాయన గోనెసంచి తెచ్చి నేరుగా ఆమె కాలి మీద దించాడు. నేను చెవులు మూసుకోవడానికి సిద్ధమయ్యాను. మా అమ్మ ఆయన్ని చూసి, నాయనా, సంచి కొంచెం జరుపుకో, బిడ్డ నిద్రపోతోంది, అంది. సన్న గొంతుతో. కిటికీకి తల ఆనించి వాలిపోయి ఉన్న అన్న అంత నీరసంలోనూ నా వైపు చూసి నవ్వాడు. నేను ఊరుకోలేక, నీకు ఎవరు పెట్టారమ్మా మందు, అని అడిగాను. మా అమ్మ కళ్ళెర్రజేసింది గానీ గొంతు పెంచలేదు. ఆ తరవాత ఆదోని వచ్చేదాకా బిడ్డ మొహమే చూస్తూ కూర్చుంది.

ఇంటికి వచ్చేసరికి మూడు గంటలైంది. వదిన అరుగు మీద రేకుపెట్టె పెట్టుకుని, దాని మీదే కూర్చుని ఉంది. జడ వేసుకుని, ప్రయాణానికి సిద్ధంగా ఉంది. బిడ్డ మా అమ్మ భుజాన ఉండటం చూసి కొంచెం ఆశ్చర్యపోయినట్టుంది, కానీ బయటపడలేదు. ఏమత్తా, మందు దొరికిందా, అని అడిగింది.

దొరికింది, అంది మా అమ్మ. నేను ఉలిక్కిపడ్డాను. అన్న ఏదో చెప్పబోయాడు. మా అమ్మ చేత్తోనే ఆపింది.

"నా కడుపులో ఉన్నింది సైదా. నాకు ఈ బిడ్డను ముట్టే గతి లేకపోయె, నీ సేతుల్లో సూస్తే ఓర్వలేకపోతి. ఆ కుళ్ళంతా నీ మీద ఏస్తి. ఈ పొద్దు కక్కేసినా. నువ్వు పోవాకు."

మా అమ్మ తప్పు ఒప్పుకోవడం నా జన్మలో అదే చూడటం. వదిన తల వంచుకుంది. ఆమె కళ్ళలో నీళ్ళు పెట్టె మూత మీద పడ్డాయి. కానీ లేవలేదు. నాకు కోపం తగ్గలేదత్తా, అని నెమ్మదిగా అంది.

"తగ్గొద్దులే. ఈడే ఉండి కోపం సెయ్యి."

మేం ముగ్గురం ఎండలో నిలబడే ఉన్నాం. చివరికి వదిన ముక్కు తుడుచుకుని లేచి, బిడ్డకు పాల వేళ దాటిపోయిందంటూ పాలు కాచడానికి లోపలికి పోయింది. అన్న ఆ పెట్టెను ఒక్కడే ఎత్తబోయి, ఒంట్లో సత్తువ లేక దాని పక్కనే కూలబడి ఏడ్చాడు. నేను లాగితే పెట్టె కదల్లేదు. వదినే మళ్ళీ బయటికొచ్చి రెండోవైపు పట్టుకుంది, ఇద్దరం కలిసి పెట్టెను లోపల పెట్టాం.